చాపిన కాలు

మెట్టె రాలేదు. నర్సు ముందు వట్టి చేత్తో లాగింది. తర్వాత సబ్బు నురగ రాసి తిప్పింది. ఎడమ కాలిది ఎలాగో వచ్చింది గానీ కుడి కాలి వేలు ఉబ్బి ఉంది, దానికున్నది కదల్లేదు. ఆపరేషన్ ఆ కాలికే. ఒంటి మీద ఏ లోహమూ ఉండకూడదట. చివరికి మా ఆయన్ని లోపలికి పిలిచారు. ధర్మేంద్ర గూడ్స్ ఆటో నడుపుతాడు. బిగుసుకుపోయిన నట్లు విప్పడం ఆయనకి అలవాటే. మంచం చివర కూర్చుని, నా పాదం తన తొడ మీద పెట్టుకుని, ఊపిరి బిగబట్టి మెల్లగా తిప్పి తీశాడు. పెళ్ళిలో తొడిగింది ఆయనే, ఇప్పుడు తీసిందీ ఆయనే. ఆ మాట ఇద్దరికీ తోచింది.

మెట్టెని చొక్కా జేబులో వేసుకుని, “అమ్మకి సెప్పకు,” అన్నాడు.

అమ్మ అంటే మా అత్త నారాయణమ్మ. ఆ వేళకి శృంగవరపుకోట దగ్గర మా ఊళ్ళో, మా పెరట్లో, ఆవిడ నా కూతురికి నీళ్ళు పోస్తూ ఉంటుంది. పైడికి అప్పుడు ఆరో నెల. పుట్టాక ఒక్క రాత్రి కూడా దాన్ని విడిచి ఉండలేదు. ముందు రోజు సాయంత్రం ఆటో ఎక్కేముందు కడుపు నిండా పాలిచ్చి విజయనగరం వచ్చాను. తెల్లారేసరికి రొమ్ములు రాళ్ళలా అయ్యాయి. మంచినీళ్ళు కూడా తాగొద్దన్నారు. నోరు పిడచకట్టుకుపోతోంది, పాలు మాత్రం ఆగడం లేదు. ఒంట్లో ఉన్న నీళ్ళన్నీ అటే పోతున్నాయేమో అనిపించింది.

భయం వెయ్యలేదా అని తర్వాత అందరూ అడిగారు. వేసింది. కానీ భయం కంటే అలసట ఎక్కువ ఉంది. ఊడ్పుల రోజుల నుంచీ నేను ఆ కాలికి కాపలా కాస్తున్నాను. ఎక్కడ అడుగు పెట్టాలి, ఎటు తిరగాలి, గడప ఎలా దాటాలి అని ప్రతి అడుగూ ఆలోచించుకుని వెయ్యడం ఎంత అలసటో కాళ్ళు బాగున్నవాళ్ళకి తెలియదు. ఆ బల్ల మీద పడుకోబెడితే చాలు, కాసేపు ఈ కాలి బరువు ఇంకెవరైనా మోస్తారు అనుకున్నాను.

కాలికి దెబ్బ తగిలిన రోజు చేలో కూలీలకి అన్నం పట్టుకెళ్ళాను. పిల్లని గట్టు మీద గొడుగు నీడన చాప వేసి పడుకోబెట్టాను. నారు కట్టలు అందించడానికి ఒక మనిషి తక్కువైతే, చీర ఎగ్గట్టి నేనే మడిలోకి దిగాను. పిల్ల ఏడ్చింది. ఏడుపు వినగానే గిరుక్కున తిరిగాను. ఒళ్ళు తిరిగింది గానీ పాదం తిరగలేదు, బురద పట్టుకుని ఉంచేసింది. మోకాలి లోపల టప్పుమని ఏదో తెగింది. పక్క మడిలో వాళ్ళకి కూడా వినబడే ఉంటుందనుకున్నాను. ఎవరికీ వినబడలేదట.

కట్టు కట్టే ముసలాయన దగ్గరికి తీసుకెళ్ళారు. ఆకు పసరూ కోడిగుడ్డు సొనా పట్టించి, వెదురు బద్దలు పెట్టి కట్టాడు. వాపు తగ్గింది. అందరూ నయమైందన్నారు, నేనూ అన్నాను. తిన్నగా నడిస్తే బాగానే ఉండేది. పక్కకి తిరిగితే మాత్రం పై ఎముక, కింది ఎముక దేని దారిన అది పోయినట్టు జారేది. ఆ సంగతి చెప్పడానికి నాకు సరైన మాట దొరక్క ఎవరికీ చెప్పలేదు.

ఒకరోజు పొద్దున్న పిల్లని చంకనేసుకుని పెరటి గడప దాటుతున్నాను. కోడి అడ్డం వచ్చింది. పక్కకి అడుగేశాను. అక్కడ కాలు లేనట్టయింది. నాకంటే ముందు పిల్ల పడింది. గడప అంచు నుదుటికి తగిలి నిమ్మకాయంత బొప్పి కట్టింది. పడగానే ఏడవలేదు. అది ఏడ్చేదాకా గడిచిన ఆ కాస్త సేపు తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు చల్లబడిపోతుంది.

మా అత్త తిట్టలేదు. తిడితే బాగుండేది. పిల్ల నుదుటికి పసుపు తడిపి పెడుతూ, నా వైపు చూడకుండా అంది.

“ఇంక గుంటని నువ్వెత్తకు. పాలకి నీ ఒళ్ళో నాను ఎడతాను. తాగడం అయిపోగానే నాను తీసుకుంతాను.”

ఆ రోజు నుంచి అలాగే జరిగింది. ఆవిడ తెచ్చి ఒళ్ళో పెట్టేది, పాలు తాగి కళ్ళు మూతలు పడగానే తీసుకుపోయేది. పొరుగింట్లో పాలు పోయించుకున్న గిన్నె పట్టుకెళ్ళినట్టు ఉండేది. కొన్నాళ్ళకి పిల్ల ఏడిస్తే ఆవిడ వైపే చేతులు చాపడం మొదలుపెట్టింది. దానికి ఎత్తుకునే మనిషి కావాలి, అంతే కదా. కాలు పోతే పోయింది, కుంటుకుంటూ అయినా బతకొచ్చు. నా పిల్లని నేను ఎత్తుకుని ఆ గదిలోంచి ఈ గదిలోకి వస్తుంటే చూసేవాళ్ళు ప్రాణాలు ఉగ్గబట్టుకోకూడదు. నాకు కావలసింది అదొక్కటే. మా ఆయనతో అదే చెప్పాను. ఆయనే విజయనగరం తీసుకొచ్చి ఎక్స్‌రే ఫొటో తీయించాడు, తర్వాత ఆ పెద్ద గొట్టంలో పెట్టి స్కానింగ్ తీయించాడు.

డాక్టర్ నెమ్మదస్తుడు. మోకాలి లోపల రెండు ఎముకల్నీ పట్టి ఉంచే తాడు లాంటిది ఒకటి ఉంటుందనీ, నాది తెగిపోయిందనీ, దానంతట అది అతుక్కోదనీ చెప్పాడు. తొడ వెనక నుంచి ఒక నరం లాంటిది తీసి, ఎముకలకి కన్నాలు పెట్టి, దాని స్థానంలో దీన్ని బిగిస్తారట. తొమ్మిదో తరగతి మధ్యలో నా చదువు ఆగిపోయింది. ఒంట్లో ఎముకలెన్నో అప్పట్లో గడగడా చెప్పేదాన్ని, వాటి మధ్య తాళ్ళుంటాయని మాత్రం ఎవరూ చెప్పలేదు. నా కాలికి నా కాలి నుంచే తీస్తారన్న మాట ఒకటి నచ్చింది. ఎవరి దగ్గరా అడగక్కర్లేదు.

విజయనగరంలో పైడితల్లి జాతర రద్దీ తగ్గాక రమ్మన్నారు. ఈలోగా ఊళ్ళో తెలిసిపోయింది. మా వీధి గురమ్మ పిన్ని కుళాయి దగ్గర బిందె దించి, నన్ను పైకీ కిందికీ చూసింది.

“ఆపరేషన్ సేయించేసుకుంతన్నావంట. ఒక్క ఆడగుంటకేనేటే? మీ అత్త ఎలగ ఒప్పుకున్నాది?”

“మోకాలికి పిన్నీ.”

“మోకాలికి ఆపరేషనేటే? అది ముసిలోళ్ళ జబ్బు కదా. నీకు నిండా పాతికేళ్ళు నేవు.”

మా ఊళ్ళో ఆడవాళ్ళకి ఆపరేషన్ అంటే ఒకటే. పిల్లలు చాలనుకున్నాక చేయించుకునేది. దానికి పథ్యం ఏమిటో, ఎన్నాళ్ళు మంచం దిగకూడదో, ఏం తింటే కుట్లు చీము పడతాయో ప్రతి ఇంట్లోనూ తెలుసు. మోకాలి సంగతి ఎవరికీ తెలియదు. ఆ మాట తర్వాత గుర్తు చేసుకోవలసి వచ్చింది.

ఆపరేషన్ గదిలో చలి. నన్ను పక్కకి తిప్పి రొయ్యలాగా ముడుచుకోమన్నారు. వెన్నులో సూది దిగింది. కాసేపటికి నడుం కింద ఏమీ లేకుండా పోయింది. ఎవరో ఆకుపచ్చ బట్టల మనిషి, పసుపుపచ్చ మందు పూసిన ఒక కాలిని మడమ పట్టుకుని పైకెత్తాడు. ఎవరిదో పాపం, ఎంత సన్నబడిపోయిందో అనుకున్నాను. ఆ కాలు నాదేనని తెలియడానికి కొంచెం సేపు పట్టింది.

మధ్యలో గుడ్డ అడ్డం కట్టారు గానీ పక్కనున్న టీవీ నాకు కనబడుతూనే ఉంది. లోపలంతా తెల్లగా, నీళ్ళలో లేత కొబ్బరి తేలుతున్నట్టు ఉంది. ఒక మూల పీచు పీచుగా ఏదో ఊగుతోంది. తెగిన తాడు అదేనేమో. తర్వాత కన్నాలు వేసే మర చప్పుడు మొదలైంది. తలుపు చెక్కకి గడియ బిగించేటప్పుడు వచ్చే చప్పుడు. నొప్పి లేదు. చప్పుడు మాత్రం దవడల్లోకి వచ్చింది.

అప్పుడే ఎవరిదో ఫోన్ మోగింది. పసిపిల్ల కిలకిలా నవ్వే రింగుటోను. ఆ నవ్వు వినగానే నా రొమ్ములు చిమచిమలాడి పాలు కారిపోయాయి. ఆపడం నా చేతుల్లో లేదు, చేతులు రెండు పక్కలా కట్టేసి ఉన్నాయి. గౌను తడిసి చల్లగా ఒంటికి అంటుకుంది. నర్సు సెలైన్ లీకైందనుకుని గొట్టం చూసింది. తర్వాత నా ముఖం చూసి అర్థం చేసుకుని, మడిచిన గుడ్డ ఒకటి పెట్టింది. ఫోన్ కట్టేశారు. మర చప్పుడు మళ్ళీ మొదలైంది. కళ్ళు మూసుకున్నాను. ఏడుపొచ్చిందో లేదో గుర్తు లేదు. నిద్ర మాత్రం వచ్చింది.

మర్నాడు వ్యాయామం చేయించే అమ్మాయి వచ్చింది. పేరు గ్లోరీ. నాకంటే రెండేళ్ళు పెద్దదేమో, పలకరింపు చెల్లెల్ని పలకరించినట్టే ఉండేది. నా మోకాలి కింద నర్సు పెట్టిన దిండు లాగి మడమ కిందికి జరిపింది. మోకాలు గాల్లో వేలాడింది. ఆ నొప్పికి మంచం ఊచ గట్టిగా పట్టుకున్నాను.

“మోకాలి కింద ఏమీ పెట్టకూడదు ఈశ్వరీ. హాయిగా ఉంటుంది, కానీ పెట్టకూడదు. వంగడం నెమ్మదిగానైనా వస్తుంది. తిన్నగా అవడం ఇప్పుడు రాకపోతే తర్వాత చాలా కష్టం,” అంది.

తలూపాను. నా చెవులు విన్నాయి, బుర్ర వినలేదు. ఇంటికి ఎప్పుడు పంపుతారు, పిల్లకి పాలివ్వచ్చా అని నేను అడుగుతున్నాను. పాలివ్వచ్చన్నారు. నాకు ఆ ఒక్క మాటే ఎక్కింది.

ఇంటికి వచ్చేసరికి మా అత్త అన్నీ సిద్ధం చేసి ఉంచింది. గాలి తగలని మూలకి మంచం జరిపింది. నా చెవుల్లో దూది పెట్టి, తలకి గుడ్డ కట్టింది. పెరుగు లేదు, వంకాయ లేదు, గుమ్మడికాయ పేరే ఎత్తకూడదు. వెల్లుల్లి కారం, మిరియాల చారు, కాల్చిన ఎండుచేప. పైడి పుట్టినప్పుడు ఎలా చూసిందో అచ్చం అలాగే చూసింది. ఆవిడకి తెలిసిన కోత పొట్ట మీదదే, తెలిసిన పథ్యమూ దానిదే. వేలికి మెట్టె లేకపోవడం వచ్చిన రోజే చూసింది. దాని చోట పసుపు దారం కట్టింది.

ఆ రాత్రి నొప్పికి మూలుగుతుంటే వచ్చి, కాలికి బిగించిన పట్టీ వదులు చేసింది. తన పాత నూలు చీరలు ఉండగా చుట్టి మోకాలి కిందికి తోసింది. కాలు వంగి, ఆ మెత్తటి దాని మీద వాలింది. ఆపరేషన్ అయ్యాక మొదటిసారి నొప్పి తగ్గింది. గ్లోరీ చెప్పింది గుర్తుకు రాలేదని అబద్ధమాడను. వచ్చింది. కానీ ఆవిడ చెయ్యి ఇంకా నా కాలి మీదే ఉంది, నేను నిద్రలోకి జారిపోతున్నాను. వద్దనే ఓపిక లేదు. మర్నాడూ లేదు, ఆ మర్నాడూ లేదు.

పిల్లని తెచ్చి పక్కలో పడుకోబెట్టేది. తాగడం అవగానే తీసుకుపోయేది. పొద్దున్నపూట తలుపు తెరిచి ఉంచితే మంచం మీద నుంచి పెరడు కనబడేది. ఆవిడ స్నానాల రాయి మీద చీర తొడల దాకా జరుపుకుని, కాళ్ళు రెండూ జోడించి చాపుకుని కూర్చునేది. పిల్లని ఆ కాళ్ళ మీద బోర్లా వేసి నూనె పట్టించేది. శనగపిండితో నలుగు పెట్టి, వేణ్ణీళ్ళు చెంబుతో ముంచి, చెయ్యి అడ్డం పెట్టి పోసేది. పిల్ల ముందు గుక్కపెట్టి ఏడ్చేది. వీపు మీద వేడి నీళ్ళు పడేసరికి మెత్తబడిపోయి, ఆవిడ పాదాల మధ్య తల పెట్టుకుని చూస్తూ ఉండేది. మా వైపు పిల్లలందరూ ఆడవాళ్ళ కాళ్ళ మీదే స్నానాలు చేసి పెరిగారు. నేనూ అంతే. ఊడ్పులకి ముందు నేనూ పోసేదాన్ని, చేతులు వణుకుతూ. ఇప్పుడు మంచం మీద వంకర కాలు పెట్టుకుని, ఎవరి బిడ్డకో పోస్తున్నట్టు చూస్తున్నాను.

మళ్ళీ చూపించడానికి రమ్మన్న రోజు వాన. తర్వాత కోతలు వచ్చాయి, ధాన్యం బస్తాలకి ఆటో ఖాళీ లేకపోయింది. మా ఆయన రేపంటే రేపన్నాడు, నేను సరే అన్నాను. వెళ్ళి ఆ మంచం మీద మళ్ళీ ఏడవాలని నాకూ లేదు. వెళ్ళేసరికి చాలా ఆలస్యమైంది. కుట్లు కూడా మానిపోయాయి. పిల్ల పాలకి ఏడుస్తుందని మా అత్త కూడా వచ్చింది.

డాక్టర్ చూసి, కట్టిన తాడు గట్టిగానే ఉందన్నాడు. కానీ కాలు తిన్నగా లేదు, గ్లోరీ దగ్గరికి వెళ్ళమన్నాడు. గ్లోరీ నన్ను పడుకోబెట్టి, తన అరచెయ్యి నా మోకాలి కింద దూర్చింది. దూరింది. పిడికిలి బిగించింది. పిడికిలి కూడా దూరింది. ఆ అమ్మాయి ముఖంలో నవ్వు పోయింది.

“దీని కింద ఏం పెడుతున్నారు?”

నేను తలుపు వైపు చూశాను. చెబితే మా అత్త మీద చెప్పినట్టవుతుంది. మా అత్త పిల్లని భుజాన వేసుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది.

“నానే ఎట్టాను తల్లీ,” అంది. “పాత సీరలు సుట్టి ఎట్టాను. నొప్పికి దీని మొకం సూడలేకపోయాను.”

గ్లోరీ ఆవిడని ఏమీ అనలేదు. కాలు ఆ వంపుకి అలవాటు పడిపోయిందని నెమ్మదిగా చెప్పింది. ఇలాగే వదిలేస్తే నడకలో కుంటు ఉండిపోతుంది, తొడలో బలం రాదు, బలం లేని కాలు మళ్ళీ మడత పడుతుంది. వ్యాయామంతో తిన్నగా రాకపోతే మళ్ళీ ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళి సాగదియ్యవలసి వస్తుందేమో, అది డాక్టర్ చెప్పాలి అంది.

నేను ఒకటే అడిగాను. “పిల్లని ఎత్తుకోవచ్చా?”

“ఈ కాలితో ఎత్తుకుంటే మళ్ళీ పడతావు ఈశ్వరీ.”

మా అత్త చెయ్యి పిల్ల వీపు మీద బిగుసుకోవడం చూశాను. పాపం ఆవిడ కావాలని చెయ్యలేదు. నేనూ కావాలని పడెయ్యలేదు. కానీ గడప దగ్గర పిల్ల పడిన రోజుకే మళ్ళీ వచ్చి నిలబడ్డాం, ఇద్దరమూ.

గ్లోరీ చేసి చూపించింది. కింద కూర్చుని కాలు చాపాలి. మడమ కింద మడత పెట్టిన తువ్వాలు. మోకాలి చిప్పకి కాస్త పైన, తొడ మీద బరువు. ఇంట్లో ఉప్పు పాకెట్లు ఉంటాయి కదా, సంచిలో వేసి పెట్టుకోండి, ఉండగలిగినంత సేపు ఉండాలి, రోజులో వీలైనన్ని సార్లు చెయ్యాలి అంది. నొప్పి వస్తుందా అని అడిగాను. వస్తుంది అంది. దాచకుండా చెప్పినందుకు ఆ అమ్మాయి మీద నాకు గౌరవం కలిగింది.

ఇంటికి రాగానే మా అత్త నా మంచం మీద చీరల ఉండ విప్పింది. ఒక్కొక్కటీ పెరట్లో దులిపి, నిలువునా చింపి, పిల్లకి గుడ్డలు చేసేసింది. ఇంట్లో ఇంక చుట్టి పెట్టడానికి పాత చీర లేదు.

ఆ తర్వాత రోజులు ఉప్పు సంచితో గడిచాయి. పెట్టుకోగానే మోకాలి వెనక కత్తితో గీసినట్టుండేది. కొంచెం సేపటికి కాలంతా వణికేది. మా అత్త ఆ సమయానికి ఏదో ఒక పని పెట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయేది. నా ముఖం చూడకుండా ఉండాలని. ఆవిడ వెళ్ళగానే నేను సంచి తోసేసి కాలు వంచుకునేదాన్ని. అడుగుల చప్పుడు వినబడితే మళ్ళీ పెట్టుకునేదాన్ని. దొంగతనంగా గడిపిన ఆ కాసేపే రోజు మొత్తానికి నా విశ్రాంతి. చెయ్యాలని తెలుసు. చెయ్యకపోతే ఏమవుతుందో తెలుసు. ఒంట్లో లేని ఓపికని మనసు ఎక్కడ నుంచి తెస్తుంది?

ఒకరోజు ఆవిడ చెప్పుల్లేకుండా వచ్చింది. సంచి అవతల పడి ఉంది, నేను మోకాలు ముడుచుకుని గోడకి ఆనుకుని ఉన్నాను. చూసింది. సంచి తీసి గూట్లో పెట్టి, వంటింట్లోకి వెళ్ళిపోయింది. సాయంత్రం మా ఆయన్ని పెరట్లోకి పిలిచి ఏదో అడుగుతుంటే, ఆయన ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడి ఆవిడ చేతికిచ్చాడు. నా మీద ఫిర్యాదు అనుకున్నాను.

పొద్దున్న పొయ్యి మీద నీళ్ళు కాగాక నా మంచం దగ్గరికి వచ్చింది.

“లే. పెరట్లోకి రా.”

గోడ పట్టుకుని, ఆవిడ భుజం పట్టుకుని వెళ్ళాను. స్నానాల రాయి మీద చాప వేసి ఉంది. ఎదురుగా చిన్న పీట, దాని మీద మడత పెట్టిన తువ్వాలు. కూర్చోమంది. ఎలాగో కిందికి దిగాను. నా మడమ ఎత్తి పీట మీద పెట్టింది. చీర పైకి జరిపి, మోకాలి చిప్ప మీద వేలు పెట్టి, దానికి బెత్తెడు పైన గీత గీసినట్టు తాకింది.

“నిన్న పోన్లో ఆ ఆసుపత్రి పిల్లని అడిగాను. ఇక్కడ ఎట్టమన్నాది. దీని కింద మట్టుకు ఎట్టొద్దన్నాది.”

“ఏటి పెడతావు అత్తా?”

ఆవిడ లోపలికి వెళ్ళి పైడిని తీసుకొచ్చింది. ఒంటికి నూనె పట్టించి ఉంది, బట్టల్లేవు, చేపలాగా జారిపోతోంది. నా తొడల మీద అడ్డంగా బోర్లా వేసింది.

“ఉప్పు సంచయితే తోసేత్తావు. దీన్నెక్కడికి తోత్తావో సూత్తాను.”

బరువు పడగానే మోకాలు కిందికి దిగింది. కళ్ళు బైర్లు కమ్మాయి. కాలు తనంతట తానే వంగాలని లాగింది. వంచితే పిల్ల దొర్లి రాయి మీద పడుతుంది. రెండు చేతులూ దాని వీపు మీద వేసి, పళ్ళు బిగించి అలాగే ఉన్నాను. ఎన్నాళ్ళకో దాని ఒళ్ళు మొత్తం నా చేతుల కింద ఉంది. నడుం దగ్గర రెండు సొట్టలు. అవి నేను ఇంతకు ముందు చూడలేదు. ఎప్పుడు వచ్చాయో.

మా అత్త ఎదురుగా గొంతుక్కూర్చుని చెంబుతో నీళ్ళు అందించింది. నేను రుద్దాను. చేతులకి అలవాటు తప్పింది. పిండి కళ్ళల్లోకి పోయింది, నీళ్ళు చెవి మీంచి కారాయి.

“సెవుల్లో పోసేత్తన్నావే. గుంటకి పోత్తన్నావా, గేదికి పోత్తన్నావా?”

“నువ్వు పొయ్యి మరి.”

“నా కాళ్ళు ఖాళీ నేవు. నీవే ఉన్నాయి.”

పిల్ల గుక్కపెట్టి ఏడ్చింది. మెడ తిప్పి ఆవిడ కోసం వెతుక్కుంది. వెల్లకిలా తిప్పాను. పైన ఉన్న ముఖం నాది అయ్యేసరికి ఒక్క క్షణం ఆగి, అదేమిటన్నట్టు చూసింది. మళ్ళీ ఏడ్చింది. ఆ తర్వాత నా తొడ మీద ఉచ్చ పోసింది. వెచ్చగా మోకాలి పక్క కుట్ల మచ్చల మీదుగా కారి రాయి మీద పడింది. మా అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏమో నాకు కనబడలేదు. నా కళ్ళల్లో నీళ్ళున్నాయి, నొప్పికి.

పొట్ట మీద వేడి నీళ్ళు పోస్తుంటే పిల్ల నెమ్మదించింది. కాలు వణుకుతూనే ఉంది. ఆ వణుకుకి పిల్ల ఒళ్ళు కూడా సన్నగా ఊగింది. ఊయలనుకుందేమో, గుప్పెట నోట్లో పెట్టుకుంది. మోకాలి కింద చూశాను. ఇంకా సందు ఉంది. పిడికిలి పడుతుందో లేదో తెలియదు. అరచెయ్యి మాత్రం పడుతుంది. ఇలా ఎన్ని పొద్దులు కూర్చోవాలో అనుకుంటే నీరసం వచ్చింది.

అంతలో వంటింట్లోంచి పాలు పొంగి మాడిన వాసన వచ్చింది. మా అత్త లేచింది. రెండడుగులు వేసి ఆగింది. పిల్ల వైపు చూసింది, నా మోకాలి వైపు చూసింది. చేతులు కొంచెం ముందుకి వచ్చాయి, తీసుకుంటుందనుకున్నాను.

“కాలు ఒంచకు,” అని లోపలికి వెళ్ళిపోయింది.

పెరట్లో నేనూ పైడీ మిగిలాం. అది జారకుండా ఒక చెయ్యి దాని పొట్ట మీద వేశాను. లోపల గిన్నె దించిన చప్పుడు వినబడింది. ఇంక వచ్చేస్తుందనుకుని గుమ్మం వైపు చూశాను. రాలేదు. బకెట్లో నీళ్ళు చల్లారిపోతున్నాయి. కాలు అలాగే చాపి ఉంచి, రెండో చేత్తో చెంబు అందుకున్నాను.